రీసెట్ కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)‌లో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో, కోఠి గుజరాతీ గల్లీలో, ఊళ్లో ఇంకా ఎన్నో చోట్ల ట్యాబ్‌లు అమ్మే, రిపేర్ చేసే అన్నలకు, తమ్ముళ్లకు, కౌంటర్‌లో కూర్చునే చెల్లెళ్లకు,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో పిల్లలతో పనిచేసే స్పీచ్ థెరపిస్ట్‌ని. మీ దగ్గరికి రిపేరుకు వచ్చే ట్యాబ్‌లలో కొన్ని మాట రాని పిల్లలవి. ఆ పిల్లలు ట్యాబ్‌తోనే మాట్లాడతారు. దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే, అంటే లోపలిదంతా చెరిపి కొత్తదానిలా చేస్తే, వాళ్ల మాటలన్నీ పోతాయి, చాలాసార్లు తిరిగి రావు. అందుకని రీసెట్ కొట్టే ముందు ‘ఇందులో మాట్లాడే యాప్ ఏమైనా ఉందా? దాని బ్యాకప్ ఫైల్ బయటికి తీసి పెట్టుకున్నారా?’ అని అడగమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఎందుకు అడగాలో, అడిగాక ఏం చేయాలో కాస్త వివరంగా చెబుతాను. ఓపిగ్గా చదవండి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్న పిల్లల్లో కొందరికి నోటితో మాట రాదు, వచ్చినా సరిపోదు. వాళ్లు ట్యాబ్ మీద బొమ్మలు నొక్కి మాట్లాడతారు. ‘నాకు’, ‘నీళ్లు’, ‘కావాలి’ అనే మూడు బొమ్మలు వరసగా నొక్కితే ట్యాబ్ ఆ వాక్యాన్ని పైకి చదువుతుంది. మా రంగంలో వీటిని ఏఏసీ యాప్‌లు అంటాం, అంటే నోటి మాటకు తోడుగానో బదులుగానో వాడేవి. చెన్నైలో తయారైన ఆవాజ్, ఐఐటీ బాంబే వాళ్ల జెల్లో ఇలాంటివే. విదేశాలవి కూడా ఉన్నాయి. ఇది ముచ్చటకు కొనే వస్తువు కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ‘కమ్యూనికేషన్’ అంటే ఏమిటో చెప్పినప్పుడు బ్రెయిలీతో, సంజ్ఞా భాషతో పాటు ఈ ఏఏసీని కూడా చేర్చింది.

కొన్న రోజు ఆ యాప్ అందరికీ ఒకేలా ఉంటుంది. వాడుతున్న కొద్దీ అది ఆ పిల్లవాడిదవుతుంది. వాళ్లమ్మ నానమ్మ ఫోటో తీసి ఒక బటన్‌గా పెడుతుంది. స్కూల్ ఆటో అంకుల్ ఫోటో ఇంకొకటి. ఇంట్లో తెలుగు, కింది వాటాలో వాళ్లతో హిందీ మాట్లాడే పిల్ల అయితే ‘నీళ్లు’ పక్కనే ‘పానీ’ కూడా ఉండాలి. మన ఊళ్లో ఇది చాలా మామూలు. ఎంఎంటీఎస్ రైలు, బోనాలు, ఉస్మానియా బిస్కెట్, చెవి నొప్పి, ‘లైట్ ఆపు’, ‘నన్ను ముట్టుకోవద్దు’. ఈ చివరి బటన్ ఒక పిల్లకు ఎంత అవసరమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కొన్ని బటన్లలో వాళ్ల నాన్న గొంతు రికార్డ్ చేసి ఉంటుంది. ఇవన్నీ ఒక్క రోజులో కూర్చుని చేసేవి కావు. పిల్లకు ఏ మాట అవసరం పడిందో, ఆ మాట ఆ రోజు చేరుతుంది. అలా నెలలు, ఏళ్లు గడుస్తాయి.

బయటివాళ్లకు తెలియని సంగతి ఇంకొకటుంది. ఏ బొమ్మ ఎక్కడుందన్నది కూడా ఆ పిల్లల భాషలో భాగమే. ‘ఇంటికి’ అనే బటన్ రెండో పేజీలో కుడివైపు కింది మూలన ఉంటే, కొన్నాళ్లకు పిల్ల బొమ్మ చూడకుండానే వేలు అక్కడికి పోనిస్తుంది. మన వంటింట్లో డబ్బాలన్నీ ఎవరో తీసి వేరే వరసలో సర్దిపోతే, వంట వచ్చినవాళ్లం కూడా ఉప్పు కోసం వెతుక్కుంటాం కదా, అలాంటిదే. అందుకే ‘పోయిన ఫోటోలు మళ్లీ పెట్టుకోండి మేడం’ అంటే పని జరగదు. ఏ మాట ఏ పేజీలో, ఏ గడిలో ఉండేదో తల్లికి కూడా పూర్తిగా గుర్తుండదు. అది తెలిసేది పిల్ల వేలికే.

మన ఊళ్లోనే జరిగిన ఒక ఉదంతం చెబుతాను. షాపు పేరు చెప్పను, ఏ ఏరియానో కూడా చెప్పను, ఎందుకంటే అక్కడి కుర్రాడు చెడు చేయాలనుకుని చేసింది కాదు. నా దగ్గరికి వచ్చే ఒక పాప ట్యాబ్ చార్జింగ్ ఎక్కడం లేదని వాళ్ల నాన్న తీసుకెళ్లాడు. చార్జింగ్ పోర్ట్ మార్చడానికి విప్పే ముందు కుర్రాడు స్క్రీన్ చూశాడు. ఒకే ఒక యాప్ తెరుచుకుని ఉంది. హోమ్‌కు వెళ్లడం లేదు, బ్యాక్ రావడం లేదు. హ్యాంగ్ అయిందనుకున్నాడు. పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి పట్టుకుని రికవరీలోకి వెళ్లి డేటా వైప్ చేశాడు. ‘సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రెష్‌గా చేసిచ్చా సార్, దానికి డబ్బులొద్దు’ అన్నాడట. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆ ట్యాబ్ హ్యాంగ్ అవలేదు. పాప వీడియోల్లోకి పోకుండా ఉండాలని వాళ్లమ్మ స్క్రీన్ పిన్నింగ్ పెట్టింది, అంటే ట్యాబ్‌ను ఒకే యాప్‌కు కట్టేసింది. ఆండ్రాయిడ్‌లో 5.0 నుంచి ఈ సౌకర్యం ఉంది. ఐప్యాడ్‌లో దీన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు. అది 2012 నుంచీ ఉంది. ఆండ్రాయిడ్‌లో బ్యాక్ బటన్, రీసెంట్స్ బటన్ కలిపి పట్టుకుంటే, బటన్లు లేని మోడల్‌లో కింది నుంచి పైకి జరిపి పట్టుకుంటే పిన్ వదులుతుంది. ఐప్యాడ్‌లో హోమ్ బటన్, అది లేని మోడల్‌లో పవర్ బటన్ మూడుసార్లు నొక్కి పాస్‌కోడ్ ఇవ్వాలి. మాట్లాడే ట్యాబ్‌లు చాలావరకు ఇలా ఒకే యాప్‌కు కట్టేసి ఉంటాయి. కాబట్టి ఒకే యాప్ మీద ఆగిపోయిన ట్యాబ్ మీ చేతికొస్తే, అది పాడైందని అనుకునే ముందు ఇంటివాళ్లకు ఫోన్ చేయండి.

ఆ పాప ఏం చేసిందో కూడా చెప్పాలి. యాప్ మళ్లీ వేశారు. కొత్తగా కొన్న రోజు ఎలా ఉంటుందో అలా తెరుచుకుంది. పాప కుడివైపు కింది మూల నొక్కింది, ట్యాబ్ వేరే ఏదో మాట పలికింది. మళ్లీ నొక్కింది, మళ్లీ అదే. తర్వాత ట్యాబ్‌ను నెట్టేసి చెయ్యి కొరుక్కోవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ అలవాటు మానేసింది, ఎందుకంటే కోపమొచ్చిందని చెప్పడానికి ఆమెకో బటన్ దొరికింది. ఆ బటన్ పోయింది. వాళ్లమ్మ నాతో పదేపదే అన్న మాట ఒకటే: ‘బ్యాకప్ ఆన్‌లోనే ఉంది మేడం, నేను చూశాను, ఆన్‌లోనే ఉంది.’

ఆమె చెప్పింది నిజమే, బ్యాకప్ ఆన్‌లోనే ఉంది. మరి ఎందుకు రాలేదన్నది కస్టమర్లకు చెప్పగలిగింది మీరే, కాబట్టి ముందు మీకు తెలియాలి.

ఆండ్రాయిడ్ చేసే బ్యాకప్‌లో యాప్ ఉండదు. ఏయే యాప్‌లు ఉన్నాయన్న జాబితా మాత్రం ఉంటుంది. రీస్టోర్ చేసినప్పుడు ఆ జాబితా చూసి ప్లే స్టోర్ నుంచి కొత్తగా దించుకుంటుంది. యాప్ లోపలి డేటా విషయానికొస్తే, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఒక్కో యాప్‌కు 25 ఎంబీ వరకు గూగుల్ ఖాతాలోకి వెళ్తుంది. 25 ఎంబీ అంటే ఎంత? ట్యాబ్ కెమెరాతో తీసిన ఫోటోలు పదో పన్నెండో కాగానే అయిపోవచ్చు. డేటా ఆ హద్దు దాటితే ఆ యాప్‌ను క్లౌడ్‌లోకి పంపడం ఆపేస్తుంది. కస్టమర్‌కు ఆ సంగతి చెప్పే గంటా ఉండదు, ఎర్ర అక్షరాలూ ఉండవు. పైగా యాప్ తయారుచేసినవాళ్లు తమ డేటాను బ్యాకప్ నుంచి పూర్తిగా తప్పించవచ్చు కూడా. బ్యాంకు యాప్‌లు భద్రత కోసం అలా చేస్తాయి, వేరే యాప్‌లు వేరే కారణాలతో చేస్తాయి. సెట్టింగ్స్‌లో కనిపించే ‘బ్యాకప్ ఆన్’ అనే మాట వెనక ఇంత ఉంది.

ఇంకా కొన్ని షరతులున్నాయి. బ్యాకప్ జరగాలంటే ట్యాబ్ వాడకుండా పక్కన పెట్టి ఉండాలి, మామూలుగా వైఫై కూడా ఉండాలి. ఇంట్లో వైఫై లేక నాన్న ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిచే ట్యాబ్‌లకు ఇది ఎప్పుడో కానీ కుదరదు. ట్యాబ్‌ను 57 రోజులు వాడకపోతే గూగుల్ ఆ బ్యాకప్‌ను తీసేయవచ్చు. ఇది మీకు సూటిగా తగిలే విషయం. స్పేర్ పార్ట్ దొరకలేదని రెండు నెలలు మీ ర్యాక్‌లో ఉండిపోయిన ట్యాబ్‌కు క్లౌడ్‌లో కూడా ఏమీ మిగలకపోవచ్చు. ఎక్కువ వెర్షన్ ఆండ్రాయిడ్‌లో తీసిన బ్యాకప్ తక్కువ వెర్షన్ ఉన్న ట్యాబ్‌లో రీస్టోర్ అవదు కూడా. ‘అది వదిలేయండి, ఈ సెకండ్‌హ్యాండ్ ట్యాబ్ తీసుకోండి’ అని ఇచ్చేటప్పుడు ఈ సంగతి కూడా చూడాలి.

ఐప్యాడ్ కాస్త నయం. యాప్ లోపలి డేటాకు అంత చిన్న హద్దు లేదు, కానీ ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది మొత్తం కలిపి 5 జీబీ. 2011లో ఐక్లౌడ్ మొదలైనప్పుడు ఎంత ఇచ్చారో ఇప్పుడూ అంతే. అది నిండాక బ్యాకప్ ఆగిపోతుంది, ‘స్టోరేజ్ నిండింది’ అని వచ్చే మెసేజ్‌ను అందరూ పక్కకు తోసేస్తారు. మీ దగ్గరున్న కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి ఐట్యూన్స్ ద్వారా పూర్తి బ్యాకప్ తీయడం ఐప్యాడ్‌కు ఉన్న గొప్ప సౌకర్యం. స్క్రీన్ మార్చడానికి ముందు అది చేసిస్తే అందుకు డబ్బు తీసుకోండి, తల్లిదండ్రులు సంతోషంగా ఇస్తారు.

‘మేం రీసెట్‌కు ముందు అంతా సిస్టమ్‌లోకి కాపీ చేస్తాం మేడం’ అని మీలో కొందరు నాతో అన్నారు. మంచిదే, కానీ కేబుల్ పెడితే మీకు కనిపించేవి కెమెరా ఫోటోలు, డౌన్‌లోడ్‌లు, వాట్సాప్ ఫోల్డర్లు. ఒక్కో యాప్ తన సొంత డేటా దాచుకునే ప్రైవేట్ ఫోల్డర్ రూట్ చేయని (అంటే సిస్టమ్ లోపలికి పూర్తి అనుమతి తెరవని) ట్యాబ్‌లో కేబుల్‌కు అందదు. ఆండ్రాయిడ్ 11 వచ్చాక ఒక యాప్ ఫోల్డర్‌లోకి ఇంకో ఫైల్ మేనేజర్ తొంగి చూడటం కూడా కట్టడి చేశారు. కాబట్టి మీ సిస్టమ్‌లో 20 జీబీ కాపీ అయి కనిపించినా, ఆ పిల్ల మాటలు అందులో ఉండకపోవచ్చు.

రీసెట్ అయ్యాక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీస్తామని దయచేసి ఎవరికీ ఆశ పెట్టకండి. పాత ఫోన్లలో, మెమరీ కార్డుల్లో చెరిపిన ఫోటోలు వెతికి తీసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇప్పటి ట్యాబ్‌లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు రహస్య లిపిలో, ఉంటుంది. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన కొత్త పరికరాలన్నిటికీ అది తప్పనిసరి. రీసెట్ చేస్తే ఆ తాళం చెవి చెరిగిపోతుంది. చిప్ విప్పి చదివినా అర్థం లేని అంకెలే వస్తాయి. కొన్ని కంపెనీల ట్యాబ్‌లలో ఎస్‌డీ కార్డును ఇంటర్నల్ స్టోరేజ్‌గా ఫార్మాట్ చేసుకోవచ్చు. ఆ కార్డు కూడా ఆ ట్యాబ్‌కే కట్టుబడి ఉంటుంది, ట్యాబ్ రీసెట్ అయితే కార్డులోది కూడా చదవడానికి రాదు. ‘కార్డు తీసి పక్కన పెట్టాను కదా’ అంటే లాభం లేదు.

ఇక యాప్‌లు ఎక్కించే సంగతి. ఇది వేరే విషయంలా అనిపిస్తుంది కానీ, బ్యాకప్‌లో యాప్ ఉండదని పైన చెప్పాను కదా, అందుకే ఈ రెండూ ఒకటే విషయం. యాప్ మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి ఖాతా మీద వస్తుంది అన్నదాన్ని బట్టే డేటా తిరిగి తెరుచుకోవడం ఉంటుంది.

ట్యాబ్ కొన్నప్పుడు మీరే ఒక కొత్త జీమెయిల్ ఖాతా తెరిచి సెటప్ చేసిస్తారు. చాలా ఇళ్లలో ఆ ఖాతా పేరేమిటో, పాస్‌వర్డ్ ఏమిటో ఎవరికీ తెలియదు. కొన్నిచోట్ల ఒకే షాపు ఖాతాను పది ట్యాబ్‌లలో పెట్టడం చూశాను. డబ్బు పెట్టి కొన్న యాప్ ఆ ఖాతాకే చెందుతుంది. బ్యాకప్ ఆ ఖాతాలోకే వెళ్తుంది. రికవరీ మోడ్‌లో రీసెట్ చేసిన ట్యాబ్ మళ్లీ ఆన్ చేస్తే పాత ఖాతా అడుగుతుంది. ఆండ్రాయిడ్ 5.1 నుంచి దొంగతనాలు ఆపడానికి పెట్టిన రక్షణ అది. అక్కడ ఇరుక్కుంటే మీకు తెలిసిన అడ్డదారులు మీకుంటాయి. కానీ అడ్డదారిలో తెరిచిన ట్యాబ్‌లో పాత ఖాతా ఉండదు, పాత ఖాతా లేకపోతే ఆ బ్యాకప్ మీద ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి సెటప్ చేసేటప్పుడు ఆ అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల ఫోన్ నంబర్‌తో, వాళ్ల చేతే పాస్‌వర్డ్ పెట్టించండి. బిల్లు వెనక ఖాతా పేరు రాసివ్వండి, పాస్‌వర్డ్ మాత్రం వాళ్లనే రాసుకోమనండి. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఇంకొకటి చెప్పడానికి కాస్త కష్టంగా ఉంది, అయినా చెప్పాలి. ఏఏసీ యాప్‌లలో కొన్ని చాలా ఖరీదు. ఆ తల్లిదండ్రుల అవస్థ చూసి, లేదా వాళ్లు అడిగారని, మీలో కొందరు క్రాక్ చేసిన ఏపీకే (స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించే యాప్ ఫైల్) ఎక్కించి ఇస్తున్నారు. డబ్బు ఎగ్గొట్టడం, వైరస్‌లు వీటి సంగతి కాసేపు పక్కన పెడదాం. ప్రతి యాప్‌కు తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. పాత సంతకంతో కొత్త సంతకం కలిస్తేనే ఆండ్రాయిడ్ అప్‌డేట్‌ను ఒప్పుకుంటుంది. క్రాక్ చేసిన కాపీ మీద సంతకం వేరు. ఆ ఇంటివాళ్లు కొన్నాళ్లకు డబ్బు సర్దుకుని అసలు యాప్ కొన్నారనుకోండి, అది పాతదాని మీద ఎక్కదు. పాతది అన్‌ఇన్‌స్టాల్ చేయాల్సిందే. చేసిన క్షణం డేటా పోతుంది. అప్‌డేట్‌లు రావు కాబట్టి ట్యాబ్ మారినప్పుడు కూడా ఇదే తంటా. ఆండ్రాయిడ్ 14లో అయితే మరీ పాత యాప్‌లను, అంటే ఆండ్రాయిడ్ 6 కంటే ముందు వెర్షన్ల కోసం చేసినవాటిని, ఇన్‌స్టాల్ చేయనివ్వదు. పెన్‌డ్రైవ్‌లో ఏపీకే దాచిపెట్టుకున్నా కొత్త ట్యాబ్‌లో పనికిరాకపోవచ్చు. డబ్బు లేని కుటుంబం వస్తే జెల్లో లాంటి ఉచిత యాప్‌లు ప్లే స్టోర్‌లోనే ఉన్నాయని చెప్పండి. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నాం, అక్కడికి వెళ్లి అడగమనండి. వినికిడి, మాట సమస్యలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది.

స్టోర్ నుంచి కొన్నామంటే ఇక ఏ భయమూ లేదని కూడా అనుకోకూడదు. 2012 జూన్‌లో అమెరికాలో ‘స్పీక్ ఫర్ యువర్‌సెల్ఫ్’ అనే మాట్లాడే యాప్‌ను, దాని మీద పేటెంట్ కేసు నడుస్తుండగా, ఆపిల్ తన స్టోర్ నుంచి తీసేసింది. అప్పటికే వాడుతున్న పిల్లల ఐప్యాడ్‌లలో అది ఉంది, కానీ ఏదైనా పాడైతే మళ్లీ ఎలా అని ఇళ్లన్నీ వణికిపోయాయి. తర్వాత ఆ యాప్ తిరిగి వచ్చింది. ఆ రోజుల్లో ఐట్యూన్స్‌లో యాప్ ఫైల్‌ను కంప్యూటర్‌లో దాచుకునే వీలైనా ఉండేది. 2017 సెప్టెంబర్‌లో వచ్చిన వెర్షన్ నుంచి ఐట్యూన్స్‌లో యాప్ స్టోరే లేకుండా పోయింది. మన దేశంలో 2020 జూన్ 29న ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు అందులో క్యామ్‌స్కానర్ ఉంది. కాగితాలు స్కాన్ చేసి అందులోనే వదిలేసినవాళ్లు ఎంత తిరిగారో మీకే బాగా తెలుసు, వాళ్లు వచ్చింది మీ దగ్గరికే. 2024 మార్చి 1న బిల్లింగ్ చార్జీల గొడవలో గూగుల్ నౌక్రీ, 99 ఎకర్స్, శాదీ లాంటి యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తొలగించింది. కేంద్రం కలగజేసుకున్నాక కొన్ని రోజుల్లో అవి తిరిగి వచ్చాయి. ఆ కొన్ని రోజుల్లోనే ఒక పిల్ల ట్యాబ్ రీసెట్ అయి, ఆమె యాప్ ఆ జాబితాలో ఉండి ఉంటే?

అన్నట్టు, ట్యాబ్‌ల విషయంలో మన ఊరికి ఒక చరిత్ర ఉంది. 2011 అక్టోబర్‌లో కేంద్రం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్ తయారైంది హైదరాబాద్‌లోనే. డేటావిండ్ కంపెనీ కోసం క్వాడ్ అనే సంస్థ ఇక్కడ చేసింది. విద్యార్థుల కోసమని తెచ్చిన ఆ ట్యాబ్‌లో గూగుల్ యాప్ మార్కెట్ లేదు, దాని బదులు గెట్‌జార్ అనే వేరే స్టోర్ ఇచ్చారు. తక్కువ ధర ట్యాబ్ చేతికొచ్చిన జనం అందులో కావలసినవి ఎక్కించుకోవడానికి మీలాంటి షాపులకే వచ్చారు. స్టోర్‌లు వచ్చాక కూడా ఆ రాకపోకలు ఆగలేదు. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయరు. ఇంగ్లిష్‌లో మెనూలు దాటుకుంటూ పోవాలంటే వాళ్లకు టెన్షన్. ‘సీటీసీలో మా అన్న ఉన్నాడు, ఆయన్ని అడుగుతాం’ అంటారు. అందుకే ఈ ఉత్తరం గూగుల్‌కో ఆపిల్‌కో కాకుండా మీకు రాస్తున్నాను.

మరి చేయాల్సింది ఏమిటంటే, ఇలాంటి యాప్‌లలో చాలావాటికి సొంతంగా బ్యాకప్ లేదా ఎక్స్‌పోర్ట్ అనే ఆప్షన్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో వెతికితే దొరుకుతుంది. అది నొక్కితే బొమ్మలు, మాటలు, పేజీల వరస అన్నీ కలిపి ఒక ఫైల్‌గా తయారవుతాయి. కొన్నిటిలో ఆ ఆప్షన్ పెద్దల పాస్‌కోడ్ వెనక ఉంటుంది, అప్పుడు ఇంటివాళ్లను అడగాలి. ఆ ఫైల్‌ను ట్యాబ్‌లోనే వదిలేస్తే ఉపయోగం లేదు. వాళ్ల డ్రైవ్‌లోకో, వాళ్లమ్మ వాట్సాప్‌కో, పెన్‌డ్రైవ్‌లోకో పంపండి. రీసెట్ తప్పనిసరి అయితే ఈ ఫైల్ బయటికి వెళ్లిందని కళ్లతో చూశాకే చేయండి. అందులో పిల్లల ఫోటోలు, ఇంట్లోవాళ్ల గొంతులు ఉంటాయి కాబట్టి పని అయ్యాక మీ సిస్టమ్‌లో కాపీ ఉంచకండి.

టచ్ పోయిన ట్యాబ్ వచ్చినా వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. డిస్‌ప్లే కనిపిస్తూ టచ్ మాత్రమే పనిచేయకపోతే ఓటీజీ కేబుల్‌తో మౌస్ పెట్టి లాక్ తీసి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ తర్వాత స్క్రీన్ విప్పండి. స్క్రీన్ మార్చడానికి, బ్యాటరీ మార్చడానికి రీసెట్‌తో పనే లేదని మీకు నాకన్నా బాగా తెలుసు. స్లో అయిందని తెస్తే క్లియర్ క్యాష్ వరకే ఆగండి. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా నొక్కితే ఆ ఒక్క యాప్‌కు సంబంధించినంత వరకు అది రీసెట్‌తో సమానం. స్టోరేజ్ నిండిందని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేయడం కూడా అంతే. పిల్ల తప్పు పిన్‌లు కొట్టీ కొట్టీ లాక్ పడిన ట్యాబ్ అయితే నిజంగానే రీసెట్ తప్ప దారి ఉండకపోవచ్చు. అప్పుడైనా ఆ మాట ముందే చెప్పండి. ఇంటికి వెళ్లి అందరినీ అడిగి, పాత పిన్‌లు గుర్తు చేసుకునే గడువు వాళ్లకివ్వండి. పాప అన్నకు గుర్తుండొచ్చు.

రీసెట్ అయ్యాక యాప్ తిరిగి వేసినప్పుడు తెలుగు గొంతు కూడా మళ్లీ దించాలి. గూగుల్ స్పీచ్ సర్వీసెస్‌లో తెలుగు వాయిస్ డేటా విడిగా డౌన్‌లోడ్ అవుతుంది. అది లేకపోతే బొమ్మలన్నీ ఉన్నా, నెట్ లేని చోట నొక్కితే ట్యాబ్ మౌనంగా ఉంటుంది. పిల్లకు అందులో తేడా తెలియదు. తను మాట్లాడింది, ఎవరూ వినలేదు, అంతే.

షాపులో పెద్దలకు ఒక ప్రత్యేకమైన మనవి. ఈ పని కౌంటర్ మీద కూర్చునే ఒక్కరికి తెలిస్తే సరిపోదు. రీసెట్ కొట్టేది లోపల బెంచ్ మీదున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు. అతని దగ్గరికి ట్యాబ్ ఒక చిట్టీతో వెళ్తుంది: ‘చార్జింగ్ ప్రాబ్లం’, ‘డిస్‌ప్లే’. ఆ చిట్టీ మీదే ‘డేటా ముట్టుకోవద్దు’ లేదా ‘రీసెట్‌కు ఒప్పుకున్నారు’ అని రెండిట్లో ఒకటి రాసి, కస్టమర్ సంతకం తీసుకోండి. ఇది మాట్లాడే ట్యాబ్‌లకే కాదు, అందరికీ పనికొస్తుంది. చనిపోయిన భర్త ఫోటోలున్న ట్యాబ్ తెచ్చే ఆవిడ కూడా మీ దగ్గరికే వస్తుంది.

నేనూ, నాతో పనిచేసేవాళ్లూ మా దగ్గరికి వచ్చే ప్రతి ట్యాబ్ వెనక ఇప్పటి నుంచి ఒక స్టిక్కర్ అంటిస్తున్నాం. తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఇలా ఉంటుంది: ‘ఇది ఒక పిల్ల గొంతు. రీసెట్ చేయకండి. ఈ నంబర్‌కు ఫోన్ చేయండి.’ కింద వాళ్లమ్మ నంబర్ ఉంటుంది. ట్యాబ్ తిప్పి చూడగానే మీకు కనిపిస్తుంది. స్క్రీన్ మార్చేటప్పుడు బ్యాక్ కవర్ తీయాల్సి వస్తే స్టిక్కర్ చింపకండి.

మీ మార్కెట్ అసోసియేషన్‌లు ఒప్పుకుంటే మీ కుర్రాళ్లకు ఈ యాప్‌లలో ఎక్స్‌పోర్ట్ ఎక్కడుంటుందో, పిన్నింగ్ ఎలా తీయాలో చూపించడానికి నేను వస్తాను. షాపులు తెరవకముందు పొద్దున పది గంటలకైనా సరే, మీరు చెప్పిన రోజు. ఒక తల్లిని కూడా తీసుకొస్తాను, ట్యాబ్‌తో మాట్లాడే పిల్లవాడు ఒప్పుకుంటే వాడినీ తీసుకొస్తాను. మీ ప్రశ్నలకు వాడే జవాబు చెబుతాడు. కాస్త ఆలస్యంగా చెబుతాడు, ఆగాలి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక స్పీచ్ థెరపిస్ట్